హన్నా కుట్టిన అంగీ, నాన్న పంపిన ఫోను



గత ఆగస్టు మాసములో ఒక రాత్రి పదకొండు గంటలు దాటిన తరువాత మా ఇంటి తలుపు ఎవరో తట్టారు. తీసి చూస్తే మా సంఘములోని ఒక సహోదరి. ఆమె వెనుక ఆమె అత్తగారు కొంగు నోటికి అడ్డము పెట్టుకొని నిలబడి ఉంది. "అయ్యగారూ, పోరడు ఇంట్ల లేడు. ఎటు పోయిండో తెల్వది" అని ఆ తల్లి ఏడ్వసాగింది.

ఆ మాట వినగానే నా గుండెలో రాయి పడింది. ఎందుకంటే ఆ సాయంత్రము ఆమె చేసినది నా సలహా ప్రకారమే. ఆ పిల్లవాడు పదవ తరగతి. తండ్రి సౌదీలో ఉన్నాడు. తల్లి ఇంటి దగ్గర బీడీలు చేస్తుంది. పిల్లవాడు రాత్రి రెండు గంటల వరకు ఫోనులో ఆట ఆడుతున్నాడని, బడిలో నిద్రపోతున్నాడని, తన బ్యాంకు ఖాతాలో ఆరు వేల రూపాయలు ఆటకే పోయాయని ఆమె నాతో చెప్పుకొన్నది. నేను పెద్దగా ఆలోచించకుండానే "ఫోను తీసి బీరువాలో పెట్టి తాళము వేయండమ్మా. నాలుగు రోజులు ఏడుస్తాడు, తరువాత వాడే దారికి వస్తాడు" అన్నాను. పాపము, ఆమె అట్లాగే చేసింది.

మేము ఇద్దరు ముగ్గురము బండ్లు వేసుకొని వెదకినాము. చివరకు బస్టాండులో, మూసి ఉన్న ఒక దుకాణము అరుగు మీద వాడు కనబడ్డాడు. వాడిని కొట్టాలన్నంత కోపము, కౌగిలించుకోవాలన్నంత సంతోషము రెండును ఒక్కసారే వచ్చాయి. ప్రక్కన కూర్చొని "ఎందుకురా ఇట్లా చేశావు?" అని అడిగాను. చాలాసేపు తల ఎత్తలేదు. తరువాత నెమ్మదిగా అన్నాడు: "పదిన్నరకు డాడీ ఫోన్ చేస్తడు అయ్యగారూ. ఫోను బీరువాల ఉంటే ఎట్ల మాట్లాడాలె?"

ప్రియులారా, ఆ ఇంట్లో వీడియోలో మాట్లాడగల ఫోను అదొక్కటే. తల్లి దగ్గర ఉన్నది బొత్తాల ఫోను. నేను ఆట ఒక్కదానికే తాళము వేయించాననుకొన్నాను. ఆ తాళము వెనుక వాడి తండ్రిని కూడా పెట్టించాను. ఈ సంగతి ఆ కుటుంబము అనుమతితోనే, పేర్లు లేకుండా వ్రాస్తున్నాను. ఇది ఒక్క ఇంటి సంగతి కాదు గనుక వ్రాస్తున్నాను.

మన ప్రాంతపు కథ

మన నిజామాబాదు జిల్లాలో గల్ఫుకు పోని ఊరు ఉన్నదా? బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి అని మన పెద్దలు ఊరకే అనలేదు. బోధన్‌లో 1937లో స్థాపించిన నిజాం చక్కెర కర్మాగారము ఒకప్పుడు ఎన్ని వేల ఇండ్లలో దీపము పెట్టినదో శక్కర్‌నగర్‌లో పెరిగినవారికి తెలుసు. సైరన్ మోతను బట్టి వంట మొదలుపెట్టిన తల్లులు ఉండేవారు. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. అంతకు ఎంతో ముందునుండే బోర్లు ఎండిపోయినవారు, భూమి లేనివారు, చేతిపని ఉన్నవారు సౌదీ, దుబాయి, కువైటు, ఖతారు, ఒమాను, బహ్రెయిన్ దేశములకు పోవుచునే ఉన్నారు. విజాకు అప్పు, ఆ అప్పుకు వడ్డీ, అది తీరేసరికి బిడ్డ పెండ్లి, దానికి మరల అప్పు. రెండేండ్లకొకసారి రెండు నెలల సెలవు. ఇట్లు ఇరువది ఏండ్లు గడిపిన తండ్రులు మన సంఘములలో ఉన్నారు. వీరు పిల్లలను విడిచిపెట్టిన తండ్రులు కారు. పిల్లల కొరకే పోయిన తండ్రులు. ఈ మాట మొదటనే చెప్పకపోతే తరువాత చెప్పేదంతా వారికి నింద వలె వినబడుతుంది.

నేను ఐదారు తరగతులు చదివే రోజులలో, అంటే 1980ల చివరిలో, మా వాడలో ఒకామె భర్త దుబాయిలో ఉండేవాడు. ఆమెకు చదువు రాదు. ఉత్తరము వచ్చినప్పుడు నన్ను పిలిచి చదివించుకొనేది. ఉత్తరము రావడానికి రెండు మూడు వారములు పట్టేది. కాని ఆ కాగితము నాలుగు ప్రక్కల ఖాళీ లేకుండా నిండి ఉండేది. ఎవరికి ఎంత బాకీ ఇవ్వాలి, బర్రె ఈనిందా, పెద్దవానికి లెక్కలు వస్తున్నవా, చిన్నవాడిని కొట్టవద్దు, వాడికి భయమెక్కువ అని వ్రాసేవాడు. ఊరికి వచ్చేవారి చేత క్యాసెట్టు పంపితే వాడంతా టేపు రికార్డరు చుట్టు కూర్చొనేది. తరువాత ఫోను బూతులు వచ్చాయి. గాజు అరలో నిలబడి, ఎదుటి గోడ మీద తిరిగే అంకెలు చూస్తూ మాట్లాడేవారు.

మన దేశములో సాధారణ ప్రజలకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న అందుబాటులోనికి వచ్చింది. ఇరువది ఏండ్లు అది పట్టణములలో, కంప్యూటరు ఉన్నవారి దగ్గరే ఎక్కువగా ఉండిపోయింది. 2016 సెప్టెంబరులో చౌక డేటా వచ్చాక పల్లెపల్లెకు ప్రాకింది. 2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్ వచ్చింది. ఆ సెప్టెంబరు 1 నుండి మన రాష్ట్రములో పాఠములు దూరదర్శన్ యాదగిరిలోను, టీ-శాట్‌లోను, ఫోనులలోను మొదలయ్యాయి. అంతవరకు "ఫోను ముట్టుకోకు" అన్న తల్లిదండ్రులే పిల్లల చేతిలో ఫోను పెట్టి "చదువుకో" అన్నారు. బడి మరల తెరిచారు. ఫోను మాత్రము తిరిగి రాలేదు.

ఇప్పుడు తండ్రి ముఖము ప్రతి రాత్రి కనబడుతుంది. ఇది దేవుడిచ్చిన మేలే. కాని ఆ మాటలు ఒకసారి వినండి. "తిన్నవా?" "తిన్న." "బడికి పోయినవా?" "పోయిన." "అమ్మ మాట ఇంటున్నవా?" "ఆఁ." "సరే, అమ్మకియ్యి." మూడు వారములకు వచ్చిన ఆనాటి ఉత్తరములో ఉన్నంత సంగతి ముప్పది రోజుల ఈనాటి మాటలలో ఉన్నదా?

రాత్రి పదిన్నర ఎందుకు?

బస్టాండులో ఆ పిల్లవాడు చెప్పిన ఆ ఒక్క మాట మీద నేను చాలా ఆలోచించాను. సౌదీ, కువైటు, ఖతారు, బహ్రెయిన్ మనకంటె రెండున్నర గంటలు వెనుక. దుబాయి, ఒమాను ఒకటిన్నర గంట వెనుక. అక్కడ కూలిపని చేసే సహోదరుడు పని ముగించి, బస్సులో క్యాంపుకు చేరి, స్నానానికి వరుసలో నిలబడి, వంట చేసుకొని తినేసరికి వాని గడియారములో ఎనిమిది. మన ఇంట్లో అది పదిన్నర. తల్లి దినమంతా చాట ఒడిలో పెట్టుకొని ఆకు కత్తిరించి, తంబాకు నింపి, దారము చుట్టి అలసి నిద్రకు వాలిపోతుంది. పిల్లవాడు తండ్రి కొరకు మేలుకొని ఉంటాడు. ఫోను వాడి దిండు ప్రక్కనే ఉంటుంది. పది నిమిషములలో తండ్రి మాటలు ముగుస్తాయి. ఫోను చేతిలోనే ఉన్నది, దీపము ఆరి ఉన్నది, అడిగేవారు లేరు. తండ్రి ముఖము పోయిన తెర మీద ఆట వస్తుంది. ఇంటికొక మాదిరిగా ఉండవచ్చును గాని, మన గల్ఫు కుటుంబములలో అనేక పిల్లలకు ఈ అలవాటు ప్రవేశించిన తలుపు ఇదే.

ఆ ఆటలో నలుగురు కలిసి జట్టు కడతారు. చెవిలో మాట వినబడుతుంది. "నువ్వు రాకపోతే ఓడిపోతాం" అంటారు. ఇంట్లో ఎవరూ తన కొరకు ఎదురుచూడని పిల్లవాడికి, నలుగురు తన కొరకు ఎదురుచూచే చోటు దొరికింది. ఇది తెలియకుండ మనము "చెడిపోయాడు" అని తీర్పు తీర్చుచున్నాము.

ఇది పిల్లల బలహీనత మాత్రమే కాదు. ఈ ఆటలు, ఈ చిన్న చిన్న వీడియోలు విడువకుండ పట్టుకొనునట్లే తయారు చేయబడ్డాయి. స్కిన్నర్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు పావురములతో, ఎలుకలతో పరీక్షలు చేశాడు. మీట నొక్కిన ప్రతిసారి గింజ వచ్చే పక్షి ఆకలి తీరగానే ఊరకుంటుంది. ఎప్పుడు వస్తుందో తెలియని పక్షి మాత్రము నొక్కుతూనే ఉంటుంది. ఆటలోని బహుమానపు పెట్టె, తరువాతి వీడియో, ఫోటోకు వచ్చే లైకులు అన్నీ ఆ గింజలే. పైగా తొందరను అణచుకొని ముందు వెనుక ఆలోచించే మెదడు భాగము ఇరువది ఏండ్లు దాటిన తరువాత గాని పూర్తిగా ఎదగదు. పదునాలుగేండ్ల పిల్లవాడిని గొప్ప గొప్ప చదువులు చదివినవారు తయారు చేసిన వలకు ఎదురుగా ఒంటరిగా కూర్చోబెట్టి, "నీకు బుద్ధి లేదా?" అని అడగడము న్యాయము కాదు.

రోగమెప్పుడు, అలవాటెప్పుడు?

ఫోను చూచే ప్రతి పిల్లవాడు రోగి కాడు. ఈ భయము కూడా మంచిది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి 1 నుండి అమలులోనికి తెచ్చిన రోగముల పట్టికలో ఆటల వ్యసనమును చేర్చింది. దానికి మూడు గుర్తులు చెప్పింది. ఆపాలనుకొన్నను ఆపలేకపోవడము. తిండి, చదువు, స్నేహితులు, నిద్ర అన్నిటికంటె ఆటకే మొదటి చోటు ఇవ్వడము. నష్టము కళ్ళెదుట కనబడుచున్నను కొనసాగించడము. ఇవి సాధారణముగా ఒక సంవత్సరమంతా ఉంటేనే దానిని వ్యసనమంటారు.

అందుకని సంవత్సరము వరకు చూస్తూ కూర్చొమ్మని అర్థము కాదు. ఈ వయస్సు పిల్లలకు రాత్రి ఎనిమిది నుండి పది గంటల నిద్ర అవసరము. నిద్ర తగ్గితే మొదట కోపము పెరుగుతుంది, తరువాత మార్కులు తగ్గుతాయి. పిల్లవాడు రాత్రి మేలుకొంటున్నాడా, ఆట ఆపమంటే వస్తువులు విసిరివేస్తున్నాడా, డబ్బు పోతున్నదా, గది విడిచి రావడము లేదా అన్నవి చూచుకోండి. ఇవి కనబడితే వైద్యుని దగ్గరకు వెళ్ళడానికి సిగ్గుపడవద్దు. ప్రార్థన చేస్తూ మందు వాడుకొనే మనము మనస్సుకు వైద్యము అంటే ఎందుకు వెనుకాడాలి? బెంగుళూరులోని నిమ్హాన్స్ ఆసుపత్రి ఇటువంటి వారి కొరకే 2014లో ఒక ప్రత్యేక విభాగము తెరిచింది. అంత దూరము పోలేనివారు 14416 నంబరుకు ఫోను చేయవచ్చు. కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరులో ప్రారంభించిన ఈ టెలీ-మానస్‌లో ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

ఆడపిల్లల సంగతి వేరొక విధముగా ఉంటుంది. వారు ఆటలకంటె పరిచయములలో పడడము ఎక్కువగా చూస్తున్నాను. తల్లి కువైటులో ఇంటిపనికి పోయి, బిడ్డ మేనత్త ఇంట్లో పెరిగితే, "తిన్నవా రా" అని ప్రేమగా అడిగే అపరిచితుని మాట ఎంత తీయగా ఉంటుందో ఊహించండి. తరువాత వాడు ఫోటో అడుగుతాడు, ఆ తరువాత బెదిరిస్తాడు. అట్టి సంగతి బయటపడినప్పుడు మొదటి దెబ్బ ఆ బిడ్డకే పడుచున్నది గనుక బిడ్డలు చెప్పరు. "ఏమి జరిగినా ముందు నా దగ్గరకు రా, కొట్టను" అని ఆ దినము రాకముందే చెప్పి ఉంచండి. పిల్లల సహాయమునకు 1098 నంబరు ఉన్నది.

చట్టములు కూడా వస్తున్నాయి. పబ్‌జీ ఆటను 2020 సెప్టెంబరులో మన ప్రభుత్వము నిషేధించింది. మరుసటి సంవత్సరమే అది వేరొక పేరుతో తిరిగి వచ్చింది. డబ్బు పెట్టి ఆడే ఆటలను 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టముచేత నిషేధించింది. ఆస్ట్రేలియా దేశము 2025 డిసెంబరు 10 నుండి పదునారేండ్లలోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలను ఆపివేసింది. ఇవి మంచివే. కాని రాత్రి పదకొండు గంటలకు మన ఇంటి మూలగదిలోనికి ఏ చట్టమూ రాదు.

హన్నా ఏమి చేసింది?

ఆ వారములోనే నేను ఆ తండ్రితో మాట్లాడాను. "నువ్వు అంత ఖరీదైన ఫోను ఎందుకు కొనిచ్చావు తమ్ముడూ?" అని అడిగితే ఆయన అన్నాడు: "నేను లేని లోటు వానికి తెల్వొద్దని కొనిచ్చిన అయ్యగారూ." ఆ మాటకు నేను ఏమి జవాబు చెప్పగలను? ఆ రాత్రి బైబిలు తెరిచినప్పుడు నాకు హన్నా గుర్తుకు వచ్చింది.

హన్నా కూడా బిడ్డకు దూరముగా ఉన్న తల్లియే. పాలు విడిచిన పసివాడిని షిలోహులో ఏలీ దగ్గర విడిచి ఇంటికి తిరిగి వచ్చింది. 1 సమూయేలు 2:19 చదవండి. ఆమె ఏటేట బిడ్డకు ఒక చిన్న అంగీ కుట్టి, భర్తతో కూడ బలి అర్పించడానికి వెళ్ళినప్పుడు తెచ్చి ఇచ్చేదని అక్కడ వ్రాయబడి ఉన్నది. ఈ చిన్న మాటను మనము త్వరగా దాటిపోతాము. కాని ఆలోచించండి. కళ్ళెదుట లేని బిడ్డకు అంగీ కుట్టాలంటే కొలత ఎట్లా తెలుస్తుంది? ఈ ఏడు ఎంత పెరిగి ఉంటాడు, భుజములు ఎంత వెడల్పు అయి ఉంటాయి అని సంవత్సరమంతా ఆమె మనస్సులోనే కొలుచుకొని ఉండాలి. చూచినప్పుడు కొలత తప్పితే మరుసటి ఏడు సరిచేసుకోవాలి. పోయిన ఏటి అంగీ ఈ ఏడు పట్టదు.

నాన్న పంపిన ఫోను కూడా ప్రేమతో పంపిన అంగీయే. నేను దానిని తక్కువ చేయను. కాని ఆ అంగీకి కొలత లేదు. పండ్రెండేండ్ల వానికి, పదునెనిమిదేండ్ల వానికి అదే ఫోను, అదే స్వేచ్ఛ. తల్లి కుట్టిన అంగీ బిడ్డ ఒంటికి సరిపడాలి. ఫోను వాడకమునకు కూడ బిడ్డ వయస్సుకు, గుణమునకు సరిపడిన కొలత ఉండాలి. ఆ కొలత ఏటేట మారాలి. రెండవ సంగతి, హన్నా అంగీని ఎవరి చేతనో పంపి ఊరుకోలేదు, తానే తీసుకొని వెళ్ళింది. అంగీ ఆమెకు బదులు కాలేదు, ఆమె రాకకు గుర్తు అయింది. లోటు తెలియకుండ చేయడము ఏ వస్తువు వలనా కాదు. ఆ లోటు ఉన్నదని ఒప్పుకొని బిడ్డతో మాట్లాడడమే తండ్రి చేయగలిగినది.

అదే అధ్యాయములో ఏలీ కూడా ఉన్నాడు. ఆయన ప్రతిదినము తన కుమారుల ప్రక్కనే ఉన్నాడు. అయినను వారు చెడిపోయారు. తెలిసియుండియు ఆయన వారిని అడ్డగించలేదని 3:13లో దేవుడే చెప్పాడు. దూరముగా ఉన్న తల్లి బిడ్డ నిలబడ్డాడు, దగ్గర ఉన్న యాజకుని బిడ్డలు పడిపోయారు. కాబట్టి గల్ఫులో ఉన్న తండ్రీ, నీవు నిరాశపడవద్దు. ఇక్కడే ఉన్న తండ్రీ, నీవు అతిశయపడవద్దు. ముఖ్యముగా నా వంటి సేవకులకు ఇది హెచ్చరిక. ఈ వ్యాసము వ్రాయుచున్నానని తెలిసి మా చిన్నమ్మాయి "అన్నం తినేటప్పుడు మీరు కూడా వాట్సాప్ చూస్తరు కదా డాడీ" అన్నది. నిజమే. ఆ దినము నుండి మా ఇంట్లో భోజనము దగ్గర నా ఫోను కూడా ఉండదు.

ఏమి చేయగలము?

మా సంఘములో ఆ కుటుంబముతో కలిసి మేము చేసినవి, తరువాత మరికొన్ని ఇండ్లలో పనిచేసినవి ఇక్కడ చెప్పుచున్నాను.

మొదటిది, ఫోను ఒక్కసారిగా గుంజుకొనవద్దు. నేను చేసిన తప్పు మీరు చేయవద్దు. కొలొస్సయులకు 3:21లో పిల్లల మనస్సు క్రుంగునట్లు వారికి కోపము రేపవద్దని అపొస్తలుడు తండ్రులను హెచ్చరించాడు. పిల్లవానిని కూర్చోబెట్టి, వానితోనే గంటలు లెక్కవేయించి, వారము వారము తగ్గించండి.

రెండవది, తండ్రి మాట్లాడే వేళను సరిచేయండి. గల్ఫు దేశములలో అనేకులకు శుక్రవారము సెలవు. మన సాయంత్రము ఏడు గంటలకు సౌదీలో నాలుగున్నర. ఆ వేళ ఇంటిల్లిపాది నడియింట్లో కూర్చొని, ఫోను బల్ల మీద ఆనించి పెట్టి, గంటసేపు మాట్లాడండి. ఒక అధ్యాయము తండ్రి చదవాలి, ప్రార్థన పిల్లలు చేయాలి. మిగిలిన రాత్రులలో తల్లి దగ్గరే మాట్లాడి, ముగిసిన వెంటనే ఫోను తల్లికి ఇవ్వాలి. పిల్లవాడు పడుకొనే గదిలో ఫోను ఉండరాదు. "అలారము కావాలి" అంటాడు. ఒక గడియారము కొనివ్వండి.

మూడవది, తండ్రీ, నీ బిడ్డను ప్రశ్నించడమే కాదు, నీ సంగతి చెప్పు. మా పిల్లవాడు తన తండ్రి పెద్ద పెద్ద మేడలలో ఉంటాడనుకొన్నాడు. నేను బ్రతిమాలితే ఒక శుక్రవారము ఆయన క్యాంపు గది చూపించాడు. ఒక్క గదిలో ఎనిమిది మంది, మంచము మీద మంచము, తలదగ్గర గోడకు కుటుంబము ఫోటో. నెలకు 1,200 రియాళ్ళ జీతము. ఆటకు పోయిన ఆరు వేల రూపాయలు ఆయనకు దాదాపు ఒక వారము కష్టమని పిల్లవాడే లెక్క కట్టాడు. నేను చేసిన ప్రసంగములకంటె ఆ లెక్క వానిని ఎక్కువగా తాకింది. తండ్రులు కష్టము దాచడము ప్రేమయే. కాని ఎదిగిన బిడ్డకు తెలియవలసినంత తెలియాలి.

నాలుగవది, దూరము నుండి కూడ కాపలా కాయవచ్చు. ఫ్యామిలీ లింక్ వంటి ఏర్పాటుతో బిడ్డ ఫోను ఎంతసేపు పనిచేయాలో, రాత్రి ఎన్ని గంటలకు ఆగిపోవాలో తండ్రి రియాదు నుండే నిర్ణయించవచ్చు. ఇది బిడ్డకు తెలిసి చేయాలి, దొంగచాటుగా కాదు. బ్యాంకు ఖాతా, పిన్ నంబరు పిల్లలు వాడే ఫోనులో ఉంచవద్దు.

ఐదవది, ఖాళీ చేసిన చోటు ఖాళీగా ఉంచవద్దు. ఇల్లు ఊడ్చి అమర్చి ఉన్నను అది ఖాళీగా ఉంటే ఏమగునో ప్రభువు మత్తయి 12లో చెప్పాడు. ఆట తీసివేస్తే మైదానము కావాలి, జట్టు తీసివేస్తే స్నేహితులు కావాలి. మా సంఘములో సాయంత్రము ఆరు నుండి ఎనిమిది వరకు ఒక గది తెరిచి ఉంచుచున్నాము. ఇంటర్ చదివే అన్నలు పదవ తరగతి తమ్ముళ్ళకు లెక్కలు చెబుతారు. ముందు అరగంట వాలీబాల్. తండ్రి దూరదేశములో ఉన్న ప్రతి పిల్లవానికి సంఘములో ఒక పెద్దను పేరు పెట్టి అప్పగించాము. ఆయన నెలకొకసారి బడికి వెళ్ళి టీచరును అడుగుతాడు, పుట్టినరోజున ఇంటికి వెళ్తాడు.

ఇక నాయనమ్మలు, అమ్మమ్మలు "మాకేమి తెలుసు బిడ్డా ఫోన్ల సంగతి" అంటారు. తిమోతి విశ్వాసము మొదట వాని అవ్వయైన లోయిలో ఉండినదని 2 తిమోతి 1:5లో పౌలు జ్ఞాపకము చేసుకొన్నాడు. ఫోను సంగతి తెలియకపోయినా బిడ్డ ముఖము సంగతి మీకు తెలుసు. రాత్రి మేలుకొని "పండుకో బిడ్డా" అనే గొంతు మీది. ఆ పని మీరే చేయగలరు.

యౌవనస్థులారా, మీతో ఒక్క మాట. యోసేపు పదునేడేండ్ల వయస్సులో తండ్రికి దూరమయ్యాడు. పోతీఫరు ఇంట్లో వానిని చూచేవారు ఎవరూ లేరు. అయినను దేవునికి విరోధముగా పాపము చేయనని నిలబడ్డాడు. తండ్రి చూడలేని చోట నీవు ఎవరివో అదే నీవు. ఫోను పాపము కాదు. దానితో పాఠము వినవచ్చు, పాట నేర్చుకోవచ్చు. అన్నిటియందు నాకు స్వేచ్ఛ ఉన్నను దేనికిని దాసుడను కానని పౌలు అన్న భావము 1 కొరింథీయులకు 6:12లో చదువుకో. ఈ రాత్రి ఫోను ప్రక్కన పెట్టి చూడు. పెట్టగలిగితే అది నీ పనిముట్టు. పెట్టలేకపోతే నీవు దాని పనివాడవు. అట్లయితే సిగ్గుపడకుండ ఎవరికైనా చెప్పు.

ఆ పిల్లవాడు ఇప్పుడు

కొందరు చివరకు గొప్ప సాక్ష్యము ఆశిస్తారు. ఉన్నది ఉన్నట్లు వ్రాస్తాను. ఆ పిల్లవాడు ఈ మార్చిలో పదవ తరగతి పరీక్షలు వ్రాశాడు. లెక్కలలో అత్తెసరు మార్కులతో గట్టెక్కాడు. మధ్యలో రెండుసార్లు మరల పాత అలవాటులో పడ్డాడు. రెండవసారి వాడే వచ్చి నాతో చెప్పాడు. అదే నాకు గొప్ప అద్భుతముగా కనబడింది. తండ్రి ఇంకా సౌదీలోనే ఉన్నాడు, అప్పు ఇంకా మిగిలి ఉన్నది. శుక్రవారము సాయంత్రము వారి ఇంటి ముందు నుండి పోతే, నడియింట్లో నుండి ఒక మగ గొంతు వాక్యము చదువుచున్నట్లు వినబడుతుంది. ఇల్లు ఇక్కడ, గొంతు అక్కడ. మధ్యలో ఉన్నది ఆ ఫోనే. బీరువాలో పెట్టించిన ఆ ఫోనే.

ఈ నెల మీ కుటుంబ ప్రార్థనలో ఈ మూడు ప్రశ్నలు అడుగుకొనండి. మా ఇంట్లో ఫోను ఎక్కడ నిద్రపోతుంది? మా బిడ్డ రాత్రి ఎవరి కొరకు మేలుకొంటున్నాడు? మా సంఘములో తండ్రి దూరముగా ఉన్న బిడ్డ పేరు ఒక్కటైనా మాకు తెలుసా?

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, దూరదేశములలో కష్టపడుచున్న మా సహోదరులను, సహోదరీలను నీ రెక్కల చాటున దాచుము. వారి బిడ్డల నిద్రను, మనస్సును కాపాడుము. హన్నాకు ఇచ్చిన జ్ఞాపకమును దూరముగా ఉన్న తల్లిదండ్రులకు దయచేయుము. ఏలీ చేసిన తప్పు చేయకుండ దగ్గరగా ఉన్న మమ్మును మేలుకొలుపుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.